నెల్లూరు స్కౌట్ హాలును కూల్చకండి: కలెక్టరు గారికి బహిరంగ లేఖ

శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా కలెక్టరు గారికి నమస్కారాలు.

మా పేటలోని స్కౌట్ హాలును శిథిల భవనంగా చూపి, ఆ స్థలంలో దుకాణాలు కట్టాలనే ఆలోచన ఉందని తెలిసింది. దయచేసి ఆపండి. ఆ హాలును పాడుచేసింది వయసు కాదు, మరమ్మతు. అవి గానుగ సున్నంతో కట్టిన గోడలు. సున్నం తేమను పీల్చుకుని ఎండ కాయగానే వదిలేస్తుంది. వాటిమీద సిమెంటు పూయించాక నెమ్ము బయటికి పోయే దారిలేక పెచ్చులూడుతున్నాయి. సిమెంటు గీకించి మళ్లీ సున్నం పూయిస్తే గోడలు నిలబడతాయి. టేకు దూలాలు ఇప్పటికీ గట్టిగానే ఉన్నాయి.

1916లో మద్రాసులో అనీబిసెంట్, ఆమె సహచరుడు అరండేల్ భారతీయ బాలల కోసం స్కౌట్ సంఘం పెట్టేదాకా ఈ ఉద్యమం మన దేశంలో దాదాపు తెల్లవాళ్ల పిల్లలదే. 1950 నవంబరు 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ఏర్పడింది. ఆ మార్పు మా హాలు తలుపు మీదే కనిపిస్తుంది: వెల్ల పొరల కింద పాత లిల్లీ పువ్వు గుర్తు, దానిపైన అశోకచక్రం ఉన్న కొత్త గుర్తు.

లోపల ఒక చెక్క బోర్డుకు తాడు ముడులు మేకులతో కొట్టి ఉన్నాయి. రీఫ్ నాట్, క్లోవ్ హిచ్, బోలైన్ అని కింద తెలుగులో పేర్లు. పిల్లల వేళ్లు తగిలి తగిలి బోలైన్ తాడు నల్లగా మెరుస్తుంటుంది. నీళ్లలో పడ్డవాళ్ల నడుముకు కట్టి లాగినా బిగుసుకుపోని ముడి అది. పెన్న ఒడ్డున ఉన్న ఊళ్లో పిల్లలకు ఇంతకంటే పనికొచ్చే చదువేముంది? 2021 నవంబరు వరదకు పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయిన రోజుల్లో, ఈ హాల్లోనే పులిహోర పొట్లాలు కట్టి పంపాం.

పాత కట్టడాల రక్షణకు తెచ్చిన 1958 నాటి కేంద్ర చట్టం కనీసం వందేళ్ల నాటి కట్టడాన్నే ప్రాచీనమంటుంది. మా హాలుకు ఇంకా ఆ వయసు రాలేదు. ఉదయగిరి కోటలా దీన్ని రాజులెవరూ కట్టించలేదు. పేటవాళ్లు చందాలు వేసుకుని కట్టుకున్నారు. అందుకే దీని తరఫున అడిగేవాళ్లు మేం తప్ప లేరు. వందేళ్లు రాకముందే కూల్చేస్తే ఇలాంటివి ఏ జాబితాకూ ఎక్కవు.

సున్నపు కట్టడాల పని తెలిసిన ఇంజినీరు చేత ఒకసారి పరీక్ష చేయించండి. ఆ నివేదిక వచ్చేదాకా టెండరు పిలవనివ్వకండి. మరమ్మతు ఖర్చుకు మళ్లీ చందాలు వేసుకోడానికి మేం సిద్ధం. అనుమతి మాత్రం మీరే ఇప్పించాలి.

ఇట్లు,
ఒక పాత స్కౌట్, నెల్లూరు