బాండ్0 గండం గట్టెక్కించిన అందరికీ థ్యాంక్స్

కొత్త నెట్‌వర్క్ స్విచ్ (కేబుళ్లన్నీ వచ్చి కలిసే పెట్టె) పెట్టాక మా ల్యాబ్ సర్వర్ కొన్ని కంప్యూటర్లకి పలికి కొన్నింటికి పలకడం మానేస్తే, అర్ధరాత్రి దాటాక కూడా విసుక్కోకుండా నా మెసేజ్‌లకి జవాబులిచ్చిన అందరికీ పేరుపేరునా థ్యాంక్స్. పేరుపేరునా అన్నాను గానీ పేర్లు పెట్టొద్దని ఇద్దరు ముందే చెప్పారు, అందుకని ఎవరేం చేశారో మాత్రం రాస్తున్నాను, ఎవరి సంగతి వాళ్లకి చదవగానే తెలిసిపోతుంది. ఇదే గొడవ రేపు ఇంకెవరికైనా వస్తే పనికొస్తుందని కాస్త వివరంగానే రాస్తున్నా.

మాది డయాగ్నొస్టిక్ ల్యాబ్. విశాఖలో కలెక్షన్ సెంటర్లు ఉన్నాయి, రిపోర్టులన్నీ ఒకే లైనక్స్ సర్వర్‌లోకి వస్తాయి. ఆ సర్వర్‌కి రెండు నెట్‌వర్క్ పోర్టులు, ఆ రెండింటినీ కలిపి ఒకే పోర్టులా వాడే ఏర్పాటు పేరు బాండ్0, అది నడిచేది మోడ్ 4లో, అంటే 802.3ఏడీ, సర్వరూ స్విచ్చూ ఎల్‌ఏసీపీ అనే భాషలో మాట్లాడుకుని పోర్టులు కలుపుకునే పద్ధతి. పాత స్విచ్ కాలిపోతే వెండర్ తరఫున ఒక కుర్రాడొచ్చి కొత్తది బిగించి వెళ్లాడు, ఆ సాయంత్రం నుంచే ఫోన్లు మొదలయ్యాయి. గాజువాక సెంటర్‌లో ఒక కంప్యూటర్‌లో రిపోర్ట్ తెరుచుకుంటుంది, దాని పక్క కంప్యూటర్‌లో తెరుచుకోదు. కాసేపు వచ్చి కాసేపు పోవడం కూడా కాదు, రాని మెషిన్‌కి ఎంతసేపు చూసినా రాదు, వచ్చే మెషిన్‌కి ఒక్క పింగ్ (అందుతోందా అని పంపి చూసే చిన్న ప్యాకెట్) కూడా తప్పిపోదు. సర్వర్ వెనక చూస్తే రెండు పోర్టుల లైట్లూ పచ్చగా వెలుగుతున్నాయి, ఈథ్‌టూల్ అనే కమాండ్‌ని అడిగితే రెండింటికీ లింక్ ఉందనే చెబుతోంది. పొద్దున ఆరింటికల్లా పరగడుపు శాంపిళ్ల వాళ్లు క్యూ కడతారు, నా టెన్షన్ సంగతి చెప్పనక్కర్లేదు.

మొట్టమొదట పలికింది చెన్నై అన్న. ఆయన రాసిన మొదటి మాట, "రీబూట్ చేయకు, ఐపీఎంఐ కన్సోల్ (బాండ్0 పోయినా సర్వర్‌లోకి వెళ్లే వేరే దారి) తెరిచి పెట్టుకో, తర్వాత ప్రాక్‌లో నెట్ కింద బాండింగ్ డైరెక్టరీలో బాండ్0 ఫైలు ఉంటుంది, అది మొత్తం పంపు, ముక్కలు కాదు." పంపాను. అందులో ఎంఐఐ స్టేటస్, అంటే లింక్ ఉందా లేదా అన్నది, రెండు పోర్టులకీ అప్ అనే ఉంది, చాలామంది అక్కడితో ఆపేస్తారు. ఆయన మాత్రం కిందికి దిగి రెండు లైన్లు పట్టుకున్నాడు. అగ్రిగేటర్ ఐడీ, అంటే పోర్టు ఏ జట్టులో ఉందో చెప్పే నంబర్, ఒక పోర్టుకి 1, రెండో పోర్టుకి 2. పార్ట్‌నర్ మ్యాక్ అడ్రస్, అంటే అవతలి స్విచ్ చిరునామా, ఉండాల్సిన చోట మొత్తం సున్నాలు. "లైట్ వెలగడం వేరు, ఎల్‌ఏసీపీ మాట్లాడుకోవడం వేరు తమ్ముడూ, నీ స్విచ్ నోరే విప్పట్లేదు" అన్నాడు. డీమెసేజ్‌లో, అంటే కెర్నల్ (లైనక్స్ గుండెకాయ) రాసుకునే లాగ్‌లో, వెతికితే, 802.3ఏడీకి అవతలి నుంచి ఏ అడాప్టర్‌కీ జవాబు లేదని కెర్నల్ అంతకుముందే వార్నింగ్ ఇచ్చి కూర్చుంది.

మరి జవాబు లేకపోతే మొత్తం ఆగిపోవాలి కదా, సగం మందికే ఎందుకు ఆగింది? దీన్ని విప్పి చెప్పింది న్యూజెర్సీలో ఉండే అక్క. ఆవిడ చెప్పినట్టు రెండు టెర్మినల్స్‌లో వచ్చిపోయే ప్యాకెట్లని చూపించే టీసీపీడంప్ పెట్టాను, ఒకటి రెండో పోర్టు మీద, ఇంకొకటి బాండ్0 మీద. గాజువాకలో పనిచేయని మెషిన్ నుంచి పింగ్ కొట్టించాను. పోర్టు మీద ప్యాకెట్లు వరసగా పడుతున్నాయి, బాండ్0 మీద ఒక్కటంటే ఒక్కటి లేదు! అంటే కేబుల్ బాగుంది, ఫైర్‌వాల్ పాపం ఏమీ లేదు, ప్యాకెట్ సర్వర్ దాకా వచ్చి పోర్టుల్ని కలిపే బాండింగ్ డ్రైవర్ దగ్గర పోతోంది.

కారణం ఇదీ. వెండర్ కుర్రాడు స్విచ్‌లో రెండు పోర్టుల్నీ స్టాటిక్ ఛానల్‌గా, అంటే అవతలివాళ్లని అడగకుండానే ఒకటిగా, కట్టాడు, ఎల్‌ఏసీపీ లేకుండా. స్విచ్ లెక్కలో రెండు దారులూ తెరిచే ఉన్నాయి, కాబట్టి ఐపీ అడ్రస్‌ల మీద లెక్కగట్టి కొన్ని మెషిన్ల ట్రాఫిక్ ఇటు, కొన్నింటిది అటు పంపుతుంది. సర్వర్‌కేమో ఎల్‌ఏసీపీ జవాబు రాలేదు, అందుకని రెండు పోర్టుల్నీ వేరువేరు అగ్రిగేటర్లుగా లెక్కేసి, ఒకదాన్నే వాడుకుంటూ రెండోదాని మీద వచ్చినవన్నీ పారేస్తోంది. వీధి గుమ్మమూ దొడ్డి గుమ్మమూ రెండూ తీసే ఉన్నాయనుకుని పోస్ట్‌మ్యాన్ సగం ఉత్తరాలు దొడ్డివైపు వేసిపోతుంటే, ఇంట్లోవాళ్లు ఆ తలుపుకి గడియ పెట్టుకుని కూర్చున్నట్టు. ఏ ఐపీ ఎటు పడుతుందో మారదు కాబట్టి రాని మెషిన్‌కి ఎప్పటికీ రాదు.

ఇక్కడ నాకు బాగా నచ్చిన ముక్క. అక్క "రెండో కేబుల్ పీకెయ్" అంది. ఒక లింక్ తీసేస్తే బాగవడమేంటి అనిపించింది గానీ, పీకగానే అన్ని సెంటర్లకీ రిపోర్టులు వచ్చేశాయి. పోర్టు డౌన్ అయ్యేసరికి స్విచ్ దాన్ని ఛానల్‌లోంచి తీసేసి ట్రాఫిక్ అంతా ఉన్న ఒక్కదాని మీదికే మళ్లించింది, అంతే. పొద్దున రద్దీ ఆ ఒక్క కేబుల్ మీదే గడిచిపోయింది, పేషెంట్లకి ఏమీ తెలియదు.

తర్వాత ఎటువైపు మార్చాలన్న దాని మీద చర్చ జరిగింది. సర్వర్‌నే మోడ్ 2కి, అంటే బ్యాలెన్స్ ఎక్స్‌ఓఆర్‌కి (ఎల్‌ఏసీపీ లేకుండానే రెండు పోర్టుల మీదా పంచేది) మార్చేస్తే స్టాటిక్ ఛానల్‌తో సరిపోతుందని ఒకరన్నారు. నిజమే, పని జరుగుతుంది. కానీ అప్పుడు అవతలి వైపు ఉన్నది సరైన స్విచ్చేనా, సరైన పోర్టేనా అని అడిగే నాథుడే ఉండడు. మోడ్ 1 చాలన్నారు ఇంకొకరు, నా మట్టుకు నాకు చిన్న ఆఫీసులకి అదే మంచిదనిపిస్తుంది, స్విచ్‌లో ఏ సెట్టింగూ అక్కర్లేదు, ఒకటి పోతే రెండోది అందుకుంటుంది. కాకపోతే దానికి వెళ్లాలన్నా స్విచ్‌లో ఆ స్టాటిక్ ఛానల్ తీసేయాల్సిందే, లేదంటే ఇదే కథ. ఎలాగూ స్విచ్ ముట్టుకోవాలి కదా అని అక్కడే ఛానల్ గ్రూప్‌ని మోడ్ ఆన్ (స్టాటిక్) నుంచి మోడ్ యాక్టివ్‌కి (ఎల్‌ఏసీపీ) మార్పించాం, సెంటర్లు మూసేశాక. కేబుల్ మళ్లీ పెట్టాక పార్ట్‌నర్ మ్యాక్‌లో సున్నాలు పోయి అసలు అడ్రస్ కనిపించింది, రెండు పోర్టులకీ అగ్రిగేటర్ ఐడీ ఒకటే అయింది, నంబర్ ఆఫ్ పోర్ట్స్ 2 అని వచ్చింది.

అయిపోయిందనుకుంటే, కూకట్‌పల్లి తమ్ముడు అదే అవుట్‌పుట్ చూసి రెండో పోర్టులో లింక్ ఫెయిల్యూర్ కౌంట్ ఎందుకు పెరుగుతోందని పట్టుకున్నాడు. ఈథ్‌టూల్ స్టాటిస్టిక్స్‌లో సీఆర్‌సీ ఎర్రర్లు, అంటే దారిలో చెడిపోయిన ప్యాకెట్లు, ఉన్నాయి. వెళ్లి చూస్తే ర్యాక్ వెనక తలుపు సందులో ప్యాచ్ కార్డ్ కేబుల్ నలిగి తెల్లగా చారపడింది. మార్చాను, కౌంట్ అక్కడితో ఆగింది. నీ కళ్లకి దండం తమ్ముడూ.

ఇంకో సలహా కూడా పాటించాను. బాండింగ్‌లో ఎల్‌ఏసీపీ రేట్ మామూలుగా స్లో, అంటే అవతలివాళ్లని 30 సెకన్లకొకసారి పలకమని అడగడం, మూడుసార్లు పలక్కపోతేనే పోయినట్టు లెక్క, ఆ లెక్కన ఒకటిన్నర నిమిషం. ఫాస్ట్ పెడితే సెకనుకొకసారి. ఎంఐఐమాన్ (లింక్‌ని ఎంతకోసారి చూడాలన్న సెట్టింగ్) 100 మిల్లీసెకన్లు పెట్టుకున్నా అది లింక్ పడిపోతేనే చూస్తుంది, మధ్యలో మీడియా కన్వర్టర్ (కేబుల్ రకం మార్చే పెట్టె) లాంటిది ఉండి లైట్ వెలుగుతూ దారి మూసుకుపోతే దానికి తెలియదు. అందుకని ఫాస్ట్ పెట్టేశాను. రెండు లింకులు కలిశాయి కదా ఒక ఫైల్ కాపీ రెట్టింపు వేగంతో వెళ్తుందా అని మా మేనేజర్ అడిగారు. వెళ్లదండీ, ఒక కనెక్షన్ ఒక కేబుల్ మీదే నడుస్తుంది.

చెన్నై అన్నా, మీరడిగిన స్విచ్ కాన్ఫిగ్ పాస్‌వర్డులు తీసేసి రేపు పంపుతాను. అక్కా, ఆదివారం ల్యాబ్ మూశాక రెండు కేబుళ్లూ ఒకదాని తర్వాత ఒకటి పీకి చూస్తున్నాను, గాజువాకలో అప్పుడు రాని మెషిన్ నుంచే పింగ్ నడుపుతూ. ఎన్ని ప్యాకెట్లు పోయాయో ఇక్కడే పెడతాను.