సిమ్లా సమావేశానికి వసూలైన డబ్బు, అయిన ఖర్చు: కమిటీ లెక్క

అందరికీ నమస్కారం. మన గుంటూరు మిర్చి యార్డులో కాయల తొడిమలు తీసే ఆడవాళ్ళ ఊపిరి మీద చేసిన పరీక్షల సంగతి చెప్పడానికి, సిమ్లాలో జరిగిన వైద్య పరిశోధనా సంఘం వార్షిక సమావేశానికి మన పీజీ డాక్టరు పిల్లలిద్దరినీ, తొడిమల ముఠాని నడిపే మేస్త్రమ్మ గారినీ, ఆవిడకు తోడుగా మా కమిటీలోని రిటైర్డ్ నర్సమ్మ గారినీ పంపడానికి మీరు ఇచ్చిన డబ్బు లెక్క ఇది. ఆలస్యమైంది, ఎందుకైందో కింద టాక్సీ దగ్గర రాశాం. అది చదవకుండా లెక్కలు దాచారని మాత్రం అనొద్దు. మిర్చి యార్డు బయట టీ కొట్ల దగ్గరా, బ్రాడీపేటలో నలుగురు కలిసిన చోటా ఏం మాట్లాడుకుంటున్నారో మాకూ చేరుతూనే ఉంది, అందుకే రూపాయి రూపాయికీ రాస్తున్నాం.

ముందు జమ.

డాక్టర్లు, మెడికల్ కాలేజీ పాత విద్యార్థులు: 62,000
కోల్డ్ స్టోరేజీల వాళ్ళు, కమిషన్ వ్యాపారులు: 45,000
టీచర్లు, ఉద్యోగులు, పేరు వద్దన్నవాళ్ళు: 23,500
తొడిమలు తీసే ఆడవాళ్ళు డబ్బాలో వేసినవి: 11,460
యార్డు హమాలీలు: 10,000
సమావేశం వాళ్ళు పీజీ అమ్మాయికి ఇచ్చిన ప్రయాణ సాయం: 8,000
మొత్తం జమ: 1,59,960 రూపాయలు

ఇచ్చిన ప్రతి ఒక్కరికీ చేతులెత్తి దణ్ణం పెడుతున్నాం. ఆడవాళ్ళ డబ్బా గురించి ఒక్క మాట చెప్పాలి. అందులో ఎక్కువ పది రూపాయల నోట్లే, మడతల్లో కారం ఇరుక్కుని ఉంది. మా కోశాధికారి గారు లెక్కపెడుతూ తుమ్మీ తుమ్మీ మధ్యలో లేచి వెళ్ళి ముఖం కడుక్కుని వచ్చారు. ఆ నోట్లు పట్టుకుంటేనే మనకి అలా ఉంటే, రోజంతా ఆ కుప్పల మధ్య కూర్చునేవాళ్ళ సంగతి ఏంటన్నదే అసలు ఈ పని మొదలవడానికి కారణం.

ఇక రావలసినవి. చందాల మీటింగులో మైకు పట్టుకుని ప్రకటించిన మొత్తాల్లో ఇంకా 38,500 రాలేదు. పేర్లు రాయడం లేదు, వాళ్ళకీ ఇబ్బందులు ఉంటాయి. కానీ ఫోన్ చేస్తే ఎత్తకపోవడం, ఎత్తితే రేపు ఎల్లుండి అనడం, ఆ తర్వాత మనల్నే లెక్కలు అడగడం మాత్రం మాకు కష్టంగా ఉంది. చప్పట్లు కొట్టించుకున్నాక డబ్బు కట్టాలి కదండీ.

ఖర్చుల్లో గొడవ లేనివి గబగబా చెప్పేస్తాం. రిజిస్ట్రేషన్ నలుగురికీ కలిపి 16,000. సమావేశంలో మన పరీక్షల సంగతి చూపించే పోస్టరు ముద్రణ, ఇక్కడ పంచిన తెలుగు కరపత్రాలు 3,300. ఢిల్లీ నుంచి కాల్కాకి, కాల్కా నుంచి సిమ్లాకి వెళ్ళేటప్పటి రైళ్ళు 4,360. సిమ్లాలో మూడు రాత్రులకు రెండు గదులు 13,200. నలుగురి భోజనాలు, టిఫిన్లు, నీళ్ళు, టీలు మొత్తం ప్రయాణానికి 11,250. సిమ్లాలో లోకల్ టాక్సీలు, లిఫ్టు 1,940. ఈ లిఫ్టు ఏంటని ఒకరు అడిగారు. సిమ్లా ఊరు సముద్ర మట్టానికి దాదాపు 2,200 మీటర్ల ఎత్తున కొండ మీద మెట్లు మెట్లుగా ఉంటుంది, మాల్ రోడ్డు మీదికి మామూలు బండ్లు రానివ్వరు, కింద కార్ట్ రోడ్డు నుంచి పైకి వెళ్ళడానికి టికెట్టు పెట్టి లిఫ్టు నడుపుతారు. పది మెట్లు ఎక్కితే ఆగి ఊపిరి పీల్చుకునే మేస్త్రమ్మ గారిని నడిపించలేం కదా.

స్వెట్టర్లు, శాలువా, మేజోళ్ళు 2,650. సెప్టెంబరు చివర గుంటూరులో ఫ్యాను కింద కూడా చెమట పడుతుంది, అక్కడ సాయంత్రానికి వణుకు. ఇవి కొన్నది ఇద్దరు ఆడవాళ్ళకే, పిల్లలు తమవి తామే తెచ్చుకున్నారు. వచ్చాక కడిగించి కమిటీ బీరువాలో పెట్టాం, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు.

ఫిల్టర్లు, మౌత్‌పీసులు 23,800. ఇది ప్రయాణం ఖర్చు కాదు, దీన్ని ఇందులో ఎందుకు కలిపారని అడిగారు. సమావేశంలో చూపించడానికి పరీక్షలు జరగాలి కదా! ఊపిరి పరీక్ష అంటే గుండెల నిండా గాలి పీల్చి, గొట్టంలోకి ఒక్కసారిగా బలంగా, ఇక రాదు అనేదాకా ఊదాలి. మొదటి సెకనులో ఎంత గాలి వచ్చింది, మొత్తం ఎంత వచ్చింది అని మిషను చూస్తుంది. ఒక్కొక్కరు సరిగ్గా మూడుసార్లన్నా ఊదితే గానీ లెక్కకు రాదు. ఒకరు ఊదిన గొట్టంలో ఇంకొకరు ఊదకూడదు, మన దగ్గర టీబీ ఉన్న సంగతి అందరికీ తెలుసు, అందుకని మనిషికో కొత్త ఫిల్టరు. మిషను మాత్రం ఒక డాక్టరు గారు ఊరికే ఇచ్చారు, దాన్ని రోజూ మూడు లీటర్ల సిరంజితో సరిచూసే పని కూడా ఆయన మనిషే చేశాడు. వాళ్ళకి ప్రత్యేకంగా కృతజ్ఞతలు.

ఇక్కడి నుంచి అసలు సంగతి. మీ అందరి ప్రశ్నా ఒకటే: డాక్టర్ల సమావేశానికి కూలీ మనిషి ఎందుకు, ఆవిడకు మళ్ళీ తోడెందుకు, పైగా విమానమెందుకు?

మొదటిది. ఆవిడకి ఇంగ్లీషు రాదు, హిందీ రాదు, ఊపిరితిత్తుల జబ్బుతో ఉన్న మనిషి. ఒంటరిగా పంపితే రేపు మీరే మమ్మల్ని తిడతారు. నర్సమ్మ గారు జీతం తీసుకోకుండా వచ్చారు. మేస్త్రమ్మ గారికి పోయిన కూలికి 4,050 ఇచ్చాం, అది కూడా తప్పంటే మాత్రం ఒప్పుకోం. డాక్టరు సెలవు పెట్టి వెళ్తే జీతం వస్తుంది, ఈవిడ ఇంట్లో ఆ వారం పొయ్యి ఎలా వెలగాలి?

రెండోది, ఆవిడ అక్కడ చేసిన పని. మిరపకాయ ఘాటుకి కారణమైన క్యాప్సైసిన్ శరీరంలో ఏ తలుపు తడుతుందో, అంటే నరాల మీద ఏ గ్రాహకాన్ని కదిలిస్తుందో, అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం 1997లో కనిపెట్టింది, దానికే ఆయనకు 2021లో నోబెల్ వచ్చింది. దగ్గు మీద పరిశోధన చేసే డాక్టర్లు క్యాప్సైసిన్‌ని కొలత ప్రకారం పీల్పించి, ఎంత మోతాదుకి దగ్గు వస్తుందో చూస్తారు. అంటే వాళ్ళు గదిలో చుక్కలు లెక్కపెట్టి పీల్పించేది మన ఆడవాళ్ళు కుప్పల దగ్గర లెక్కాపత్రం లేకుండా పీలుస్తున్నారు. అందుకే మన పోస్టరు దగ్గర జనం ఆగారు. ఒక పెద్ద డాక్టరు గారు, ఏళ్ళ తరబడి చేసినవాళ్ళకి అలవాటై దగ్గు తగ్గుతుందేమో, మీ పాతవాళ్ళ ఊపిరి మరీ అంత చెడిపోయినట్టు లేదే అని అడిగారు. మా పీజీ అబ్బాయి జవాబు వెతుక్కుంటుంటే, నర్సమ్మ గారు ప్రశ్నని తెలుగులో చెప్పారు. మేస్త్రమ్మ గారు వెంటనే, "అలవాటు కాదయ్యా, తట్టుకోలేనోళ్ళు పని మానేసి ఇంటికాడ కూర్చున్నారు. నా ముఠాలోనే ఎంతమంది పోయారు. మీరు చూసింది మిగిలినోళ్ళని" అన్నారు.

ఆ మాట ఇంగ్లీషులోకి మార్చి చెప్పగానే ఆయన పెన్ను తీసి రాసుకున్నారట. పనిలో మిగిలినవాళ్ళని మాత్రమే పరీక్షిస్తే అందరూ బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, ఇది పరిశోధనల్లో పాత చిక్కే. మన పిల్లలకీ పుస్తకంలో తెలుసు, కానీ మానేసినవాళ్ళు ఏ ఇంట్లో ఉన్నారో, ఏ పేటలో ఉన్నారో తెలిసింది ఆవిడకి. వచ్చే సీజన్లో పరీక్షలు యార్డు చుట్టూ కాకుండా ఆ ఇళ్ళకి వెళ్ళి చెయ్యాలని అక్కడే అనుకున్నారు. ఆవిడ టికెట్టు దండగ అన్నవాళ్ళు ఇది ఒకసారి ఆలోచించండి.

కొండలకీ మనకీ ఏం సంబంధం, గుంటూరులోనే మీటింగు పెట్టుకోవచ్చుగా అన్నవాళ్ళూ ఉన్నారు. అదే హిమాచల్‌లో కాంగ్డా లోయలో, 1950లలో మొదలుపెట్టి, ఉప్పులో అయొడిన్ కలిపితే మెడవాపు తగ్గుతుందని చూపించిన బృందానికి ముందున్నది మన శ్రీకాకుళంలో పుట్టి విశాఖలో డాక్టరు చదివిన వులిమిరి రామలింగస్వామి గారు. అక్కడి పల్లెల వంటింటి ఉప్పుతో మొదలైన పని దేశమంతటి ఉప్పుకీ పాకింది. ఆయన అక్కడికి వెళ్ళకపోతే అది జరిగేదా?

మూడోది, తిరుగు ప్రయాణం. విజయవాడ నుంచి ఢిల్లీకి రానూపోనూ థర్డ్ ఏసీ 15,440 కట్టాం. తిరిగి వచ్చే రోజు పొద్దున సిమ్లా నుంచి కాల్కాకి చిన్న రైలు టికెట్లు ఉన్నాయి. రాత్రంతా వాన. 96 కిలోమీటర్ల ఆ లైను మీద 102 సొరంగాలు ఉన్నాయంటారు, సొరంగానికీ సొరంగానికీ మధ్య కొండ జారి మట్టి పడితే ఇక అంతే. రైలు రద్దు చేశారు, ఆ డబ్బు పూర్తిగా వెనక్కి వచ్చింది. టాక్సీ మాట్లాడుకుని బయల్దేరితే సోలన్ దాటాక రోడ్డు మీద కూడా కొండచరియలు పడ్డాయి. గంటల తరబడి బండ్లు కదల్లేదు. డ్రైవరు కసౌలీ మీదుగా ఇరుకు దారిలో చుట్టూ తిప్పి తీసుకొచ్చాడు, అతని ఓర్పుకి మొక్కాలి. ఢిల్లీ దాకా 13,500. అతను కాగితం మీద మొత్తం ఒక్కటే రాసిచ్చాడు. కిలోమీటర్లు, వెయిటింగు విడిగా రాసిన బిల్లు కావాలని మా ఆడిటరు గారు పట్టుబట్టారు, అది సంతకంతో కొరియర్లో వచ్చేసరికి రోజులు పట్టింది. లెక్క ఆలస్యం కావడానికి కారణం ఇదే, ఇంకోటి కాదు.

సాయంత్రం ఢిల్లీ రైలు అందదని తెలిసి దారిలోనే టికెట్లు రద్దు చేశాం. తిరుగు టికెట్ల డబ్బులో సగం, అంటే 3,860 తిరిగి వచ్చింది. కాబట్టి రైలు ఖర్చు 11,580. ఈలోగా ఘాట్ రోడ్డులో డీజిల్ పొగకీ చలిగాలికీ మేస్త్రమ్మ గారికి ఆయాసం ఎక్కువైంది. దారిలో ఒక ఆసుపత్రిలో నెబ్యులైజర్ పెట్టించారు, మందులతో కలిపి 1,870. రాత్రి ఢిల్లీలో గదులు 3,200.

ఆ రాత్రి మాకు ఫోన్ వచ్చింది. ఏం చెయ్యాలి? తత్కాల్ దొరికేదాకా రెండు రోజులు ఢిల్లీలో ఆగి రైల్లో వస్తే గదులు, తిండి, టికెట్లు కలిపి ఇరవై వేల దగ్గర తేలేది. విమానం నలుగురికీ 33,400, ఆ రాత్రి గదితో కలిపి 36,600. తేడా సుమారు పదహారున్నర వేలు. చూసిన డాక్టరు ఇంకో రోజున్నర రైల్లో కూర్చోబెట్టొద్దన్నారు. ఆవిడ మాత్రం ఫోన్లో, "నా కోసం అంత డబ్బు తగలెయ్యొద్దు బాబూ, జనరల్లో కూర్చుని వస్తా" అంది. మేం వద్దన్నాం. పీజీలిద్దరినీ రైల్లో పంపొచ్చుగా అంటున్నారు. మళ్ళీ ఆయాసం వస్తే పక్కన డాక్టరు ఉండాలి, పైగా వాళ్ళ సెలవు ఆ రోజుతో అయిపోయింది, వార్డు డ్యూటీ ఉంది. గన్నవరంలో దిగి నేరుగా డ్యూటీకి వెళ్ళారు.

"కూలీ మనిషికి విమానమా" అని ఒకాయన మెసేజ్ పెట్టారు. ఆయన మంచి మొత్తమే ఇచ్చారు, ఆ గౌరవం ఉంది. కానీ ఈ డబ్బు మనం అడిగింది ఎవరి పేరు చెప్పి? ఆ ఆడవాళ్ళ ఊపిరి పేరు చెప్పి. అదే ఊపిరి ఆడక ఒకావిడ ఢిల్లీలో కూర్చుంటే డబ్బు మిగల్చడం మా వల్ల కాదు. మళ్ళీ అలాంటి రాత్రి వచ్చినా ఇదే చేస్తాం. ఆయన వాటా వెనక్కి కావాలంటే మా జేబుల్లోంచి ఇస్తాం, మనస్ఫూర్తిగా చెబుతున్నాం.

మొత్తం ఖర్చు: 1,44,100
మిగులు: 15,860, కమిటీ బ్యాంకు ఖాతాలో ఉంది.

ఈ మిగులు మానేసినవాళ్ళ ఇళ్ళ దగ్గర పరీక్షలకి వాడతాం. ఫిల్టర్ల ధర పైన చూశారు కదా, ఇది సగం మందికి కూడా చాలదు. బాకీ ఉన్న 38,500 వస్తే కొత్తగా ఎవరినీ అడగక్కర్లేదు. కొత్త కాయ కల్లాల నుంచి యార్డుకి రావడం మొదలయ్యేలోపు ఇస్తే బాగుంటుంది, మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, దిగడం మొదలైతే ఆ ఆడవాళ్ళకి ఊపిరి పీల్చుకునే తీరిక కూడా ఉండదు.

బిల్లులు, రసీదు పుస్తకాలు, టాక్సీ కాగితాలు రెండూ, ఆసుపత్రి చీటీ ఆదివారం సాయంత్రం అరండల్‌పేటలో కోశాధికారి గారి ఇంటి వరండాలో బల్ల మీద పెడతాం. చందా రసీదు అందనివాళ్ళు కూడా అప్పుడే తీసుకోవచ్చు.