ఆ చిన్న ఊరికే వెళ్ళు

చిన్నా,

నీ ఫోన్ పెట్టేశాక, నీకొచ్చిన రెండు ఒపేరా అవకాశాల్లో ఏది ఒప్పుకోవాలా అని నేనూ మీ నాన్నా చాలాసేపు మాట్లాడుకున్నాం. ఇక్కడ న్యూయార్క్‌లో పెద్ద వేదిక, చిన్న చిన్న పాత్రలు. అక్కడ జర్మనీలో మనమెవరం పేరు కూడా వినని ఊరు, కానీ ముఖ్య పాత్రలు. నన్నడిగితే జర్మనీకే వెళ్ళు. ఎందుకో రాస్తున్నాను, ఫోన్‌లో అయితే మధ్యలో అడ్డొస్తావు. తెలుగు చదవడం మర్చిపోయానని మాత్రం సాకు చెప్పకు.

ఒపేరా గాయకుడు జేమ్స్ మెక్‌క్రాకెన్ గురించి మీ టీచర్ చెప్పే ఉంటారు. ఇండియానాలో ఉక్కు ఫ్యాక్టరీల ఊరు గ్యారీలో 1926లో పుట్టాడు. 1953లో ఇక్కడి న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపేరాలో అడుగుపెట్టాడు. మొదటి పాత్ర ఏంటో తెలుసా? 'లా బొహేమ్' ఒపేరాలో బొమ్మలమ్మే పార్పిన్యోల్. బొమ్మలొచ్చాయని కేకేసుకుంటూ రావడం, పోవడం, అంతే. ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి అలాంటి చిన్న వేషాలే. విసిగిపోయి 1957లో అది వదిలేసి, భార్య శాండ్రా వార్‌ఫీల్డ్‌తో కలిసి యూరప్ వెళ్ళిపోయాడు. ఆవిడా గాయనే. అక్కడ ఆయన కోసం ఎవరూ దండలు పట్టుకుని నిలబడలేదు, మొదట్లో ఇద్దరూ బాగానే కష్టపడ్డారు. కానీ జర్మనీలోని బాన్‌లో, ఆ తర్వాత స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో పెద్ద పాత్రలు పాడే అవకాశం దొరికింది. వెర్డి ఒపేరా 'ఒటెల్లో'లో నాయకుడి వేషం ఆయన పాత్ర అయిపోయింది. 1963లో అదే మెట్రోపాలిటన్ పిలిచి ఒటెల్లో పాడించింది. వెళ్ళకుండా ఇక్కడే ఉండుంటే అది ఆయనకిచ్చేవారా? నాకైతే నమ్మకం లేదు.

మీ నాన్న లెక్క వేరు. 'ఫెస్ట్' కాంట్రాక్టంటే ఒకే ఒపేరా హౌస్‌లో స్థిరంగా పని, నెలనెలా జీతం, ఆరోగ్య బీమా అని నువ్వు చెప్పగానే ఆయన ప్రాణం కుదుటపడింది. ఇక్కడ చాలామందికి ప్రదర్శనకి ఇంతని ఇస్తారు, జలుబు చేసి గొంతు పోయిందంటే ఆ రాత్రి డబ్బు కూడా పోయినట్టే. జర్మనీలో ప్రజల పన్నులతో నడిచే ఒపేరా హౌస్‌లు దాదాపు 80 ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అంతమంది అమెరికన్ గాయకులు అటు వెళ్ళడానికి ముఖ్య కారణం అదే కదా. అలాగని అది గవర్నమెంట్ ఉద్యోగమనుకోవద్దని ఆయనకి చెప్పాను. కొత్త ఇంటెండెంట్, అంటే థియేటర్ నడిపే పెద్ద, వస్తే పాతవాళ్ళని మార్చేయడం అక్కడ మామూలేనట. అక్టోబరు 31 వచ్చేసరికి వచ్చే సీజన్ ఉందో లేదో తెలిసిపోతుందని నువ్వే అన్నావుగా.

నా భయం వేరే ఉంది. మంగళవారం మొజార్ట్, గురువారం ఆపెరెట్టా అనే తేలిక ఒపేరా, ఆదివారం పొద్దున పిల్లల ఒపేరా పాడమంటే పాడు, అలిసిపోతావు గానీ ఏం కాదు. కానీ చిన్న హౌస్‌లో టెనర్లు, అంటే నీలా పైస్థాయిలో పాడే మగవాళ్ళు, తక్కువ. బరువైన పాత్ర ఒకటి ఖాళీగా ఉంటే కుర్రాడున్నాడు కదా అని నీమీద పెడతారు. అప్పుడు మొహమాటపడకు. స్టీఫెన్ గౌల్డ్‌ని చూడు. ఆ వర్జీనియా ఆయన 'ఫాంటమ్ ఆఫ్ ది ఒపేరా' మ్యూజికల్‌లో ఏళ్ళ తరబడి పాడి, మళ్ళీ గొంతు సాధన చేసుకుని, 1999లో ఆస్ట్రియాలోని లింజ్‌లో 'ఫిడేలియో' ఒపేరాతో పెద్ద టెనర్ పాత్రల్లోకి వచ్చాడు. జర్మనీలో వాగ్నర్ ఒపేరాల ఉత్సవం జరిగే బైరాయిట్‌లో ఆయన 'టాన్‌హాయిజర్' పాడేసరికి 2004. అప్పటికి నలభై దాటాయి. వాగ్నర్ పాత్రలకి అంత వయసొచ్చాక కూడా తొందరేం లేదన్నమాట. నీకింకా ముప్ఫై కూడా రాలేదు.

అందుకని సంతకం పెట్టేముందు నీ 'ఫాఖ్' (నీ గొంతుకి తగ్గ పాత్రల వర్గం) ఏంటో, మొదటి సీజన్‌లో ఏయే పాత్రలో కాంట్రాక్టులో రాయించు. నోటిమాటగా చెబితే సరేననకు. జర్మన్ క్లాసులు కూడా ఇప్పుడే మొదలుపెట్టు. పాటలో వచ్చిన జర్మన్‌తో ఇల్లు అద్దెకి దొరకదు.

కాంట్రాక్టు రాగానే కాపీ పంపమంటున్నారు మీ నాన్న. ఆయనకి జర్మన్ ఒక్క ముక్క రాదు. అయినా మొత్తం చదువుతారట.

అమ్మ