నానో పట్టీ పెట్టె మీద అసలు సంగతి రాయరా?

కాలిన గాయాల పట్టీల్లో, ఎముక లోటును పూడ్చే పదార్థాల్లో నానో రేణువులు, అంటే కంటికి కనిపించనంత అతిసూక్ష్మ రేణువులు, వాడుతున్నా, ఆ వివరాలు రోగికి అర్థమయ్యేలా చెప్పడం లేదు. మా అమ్మ చెయ్యి కాలినప్పుడు నానో వెండి పట్టీ వేసి పంపారు. ఆరిపోతోందని నేను రెండు రోజులు సెలైన్‌తో తడిపాను. మూడో రోజు ఒక నర్సు చూసి ఆపించారు. ఈ రకం పట్టీని స్టెరైల్ (సూక్ష్మజీవులు లేకుండా శుద్ధి చేసిన) నీళ్లతోనే తడపాలట. సెలైన్‌లోని ఉప్పుతో కలిస్తే వెండి సిల్వర్ క్లోరైడ్‌గా మారి పని తగ్గుతుందట. పెట్టె మీద ‘నానో’ అని బారెడు అక్షరాలు, ఈ ముక్క మాత్రం లోపలి కాగితంలో చీమ తలకాయంత అక్షరాల్లో! చర్మం బూడిద రంగుకు తిరిగితే అది వెండి మరకో, గాయం చెడుతోందో తెలియక పడ్డ టెన్షన్ వేరే. నానో వైద్యమే వద్దనడం లేదు. మన ఎముకలోని ఖనిజమే నానో సైజు స్ఫటికాలు. ఆ కొలతలోనే, ఎముక ఖనిజాన్ని పోలిన హైడ్రాక్సీ అపటైట్ అనే పదార్థాన్ని చేసి కొత్త ఎముకకు ఆధారంగా పెట్టడం తెలివైన పనే. కానీ పట్టీ నుంచి వెలువడి సూక్ష్మజీవుల్ని చంపే వెండి అయాన్లు (విద్యుదావేశమున్న వెండి కణాలు), మోతాదు మించితే కొత్త చర్మాన్ని కట్టే కణాలనూ దెబ్బతీస్తాయి. యూరప్‌లో 2013 నుంచి ముఖానికి రాసుకునే క్రీముల్లోనే నానో పదార్థం ఉంటే లేబుల్ మీద ఆ మాట రాయాలి. పచ్చిగాయం మీద వేసేదానికి అంతకన్నా గట్టి నియమం ఉండాలి: రేణువు సైజు, దేనితో తడపాలి, ఎన్ని రోజులకు తీయాలి అన్నవి స్థానిక భాషలో పెట్టె పైనే అచ్చువేయాలి, శరీరం లోపల అమర్చేవాటికైతే పదార్థం పేరు, అమర్చిన తేదీ ఉన్న కార్డు రోగి చేతికివ్వాలి.