రిషికేశ్ రిక్వెస్ట్ స్టాపు కాదండీ

సంపాదకుల వారికి నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో చలికాలంలో చూడదగ్గ ఊళ్ల గురించి రాస్తూ రిషికేశ్‌కు ఒక పావు పేజీ ఇచ్చారు. అందులో ‘లక్ష్మణ్ ఝూలా మీద నడుస్తూ గంగమ్మ అందాలు తిలకించవచ్చు’ అని ఉంది. ఆ వంతెన మీద ఇప్పుడు నడవడం కుదరదండీ. పాతబడి బలహీనపడిందని 2019 జులైలోనే మూసేయమని ఆర్డరు వేశారు, ఆ తర్వాత పూర్తిగా మూసేశారు. నేనూ మా ఆవిడా మొన్న డిసెంబరులో అక్కడ తొమ్మిది రోజులు ఉండి వచ్చాం. గట్టు మీద నిలబడి చూడటమే గాని దాని మీద అడుగు పెట్టే పని లేదు. నేను ముప్పై మూడేళ్లు ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైనవాణ్ణి. జనాన్ని తప్పు స్టాపులో దించితే ఊరుకోలేను. అందుకే ఈ ఉత్తరం.

నిజానికి ఆ వంతెన మీద నేను ఒకసారి నడిచాను. 2011 మే నెలలో మా ఊరి నుంచి చార్‌ధామ్ టూరు బస్సు వేస్తే అందులో వెళ్లాం. టూరు ఆయన రిషికేశ్‌లో మాకిచ్చింది రెండు గంటలు. వంతెన మీద జనంలో ఇరుక్కుని ఒక గంట, టిఫిన్ల దగ్గర ఒక గంట. ‘ఎక్కండి ఎక్కండి’ అని విజిలేసి మమ్మల్ని కొండ ఎక్కించేశాడు. విజిల్ వేయడం నా పని, వేయించుకోవడం ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది. ఇంటికొచ్చాక ‘రిషికేశ్ చూశారా’ అని ఎవరడిగినా చూశామనే చెప్పాను. అబద్ధం. బస్సు అక్కడ ఆగింది, అంతే.

ఈసారి వెళ్లింది భక్తితో కాదు, టెన్షన్‌తో. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న మా చిన్నమ్మాయి నెల రోజులు సెలవు పెట్టి రిషికేశ్ తపోవన్‌లో యోగా టీచరు కోర్సులో చేరానని ఫోన్ చేసింది. ఫోన్ పెట్టేశాక మా ఆవిడ ‘ఏవండీ, ఇది గాని సన్న్యాసం పుచ్చుకోదు కదా’ అంది. ఆ రాత్రి ఇద్దరికీ నిద్ర లేదు. వారంలో రాజమండ్రిలో ఏపీ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఢిల్లీ, అక్కడ ఇంకో రైలు మారి హరిద్వార్, అక్కడి నుంచి పాతిక కిలోమీటర్లు విక్రమ్‌లో. విక్రమ్ అంటే అక్కడి షేర్ ఆటో, మన ఆటోకు పెద్దన్న. మెడ లోపలికి పెట్టుకుని కూర్చోవాలి.

మనవాళ్లలో ఎక్కువమంది వేసవిలోనే వెళ్తారు. కారణం తెలిసిందే. బదరీ, కేదార్ తలుపులు వైశాఖంలో తెరుస్తారు, కార్తీకం వచ్చేసరికి మూయడం మొదలవుతుంది. చలికాలం కేదారనాథుడి ఉత్సవమూర్తి ఉఖీమఠ్‌కు దిగొస్తాడు, గంగోత్రి అమ్మవారు ముఖ్బా గ్రామానికి వస్తుంది. పైన దేవుళ్లు లేనప్పుడు కింద మనకేం పని అని బస్సులన్నీ ఆగిపోతాయి. ఆ ఊరిని ఊరిలా చూడాలంటే ఆ బస్సులు లేనప్పుడే వెళ్లాలని నాకు అరవై నాలుగేళ్లకు తెలిసింది.

మాది గౌతమి ఒడ్డు. ఆషాఢంలో ఎర్రనీరు దిగితే నది వాసనే మారిపోతుంది, అది పుట్టినప్పటి నుంచీ ఎరుగుదును. 2011 మే నెలలో గంగ కూడా బూడిద కలిపినట్టు కనపడింది, నదులన్నీ ఇంతే కాబోలు అనుకున్నాను. డిసెంబరు గంగ వేరు. వానలుండవు, పైన మంచు కరగడం తగ్గిపోతుంది, నీరు తగ్గి తేటపడుతుంది. లేత పచ్చ. నడుం లోతులో కూడా కింద గుండ్రాళ్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. చల్లదనం సంగతి మాత్రం అడక్కండి. మొదటి మునకకు గోవిందనామం గొంతులోనే ఆగిపోయింది. రెండో మునక మా ఆవిడ బలవంతం మీద. రేవుల్లో గొలుసులు కట్టి ఉంటాయి, అవి పట్టుకునే మునగాలి. పైన భాగీరథి మీద టెహ్రీ డ్యాము ఉంది, కరెంటు కోసం నీళ్లు వదిలితే మట్టం పెరుగుతుంది. గోదావరిలో ఈత నేర్చిన ధైర్యం అక్కడ పనికిరాదు. ఆ ప్రవాహం కాళ్ల కింది రాయిని లాగేస్తుంది.

ఉదయం ఏడు దాటితే గాని సూర్యుడు రాడు. అంతకు ముందు కొండల్లోంచి నది వెంబడే ఒక గాలి దిగుతుంది. మంకీ క్యాపు, శాలువా, లోపల రెండు బనీన్లు వేసుకున్నా ఆ గాలికి దారి తెలుసు. తొమ్మిదయ్యేసరికి అది ఎవరో స్విచ్ కట్టేసినట్టు ఆగిపోయి ఎండ వస్తుంది. ఆ ఎండలో గంగ మెట్ల మీద వీపు కాచుకుంటూ కూర్చోవడం ఉంది చూశారూ, దానికి టికెట్ పెడితే నేనే కొట్టేవాణ్ణి. సాయంత్రం అయిదున్నరకే చీకటి.

మూడో రోజు అనుకుంటాను, బ్యారేజీ వైపు నడుస్తుంటే నీళ్లలో ఇటికరంగు బాతులు జంటలు జంటలుగా కనపడ్డాయి. అక్కడ కెమెరా పట్టుకుని కూర్చున్న కుర్రాడు ‘సుర్ఖాబ్’ అన్నాడు. చలికాలం హిమాలయాల అవతలి నుంచి వస్తాయట. మా అమ్మాయి ఫోన్‌లో వెతికి ‘నాన్నా, ఇవే చక్రవాకాలు’ అంది. నేను అక్కడే నిలబడిపోయాను. తొమ్మిదో తరగతిలో మా తెలుగు మేష్టారు చక్రవాక దంపతులు రాత్రయితే విడిపోయి ఆ ఒడ్డునొకటీ ఈ ఒడ్డునొకటీ ఉండి పిలుచుకుంటాయని చెబితే, అది కవులు కల్పించిన పక్షి అనుకున్నాను. యాభై ఏళ్లు అలాగే అనుకున్నాను. తీరా చూస్తే అది నిజం పక్షి. విడిపోయే మాట నిజమో కాదో తేల్చుకుందామని చీకటి పడేదాకా ఉందామన్నాను గాని, మా ఆవిడ చలికి ఒప్పుకోలేదు.

అమ్మాయి కోర్సు సంగతి. తపోవన్‌లో గోడ గోడకూ యోగా బోర్డే, మన దగ్గర ట్యూషన్ సెంటర్లలాగా. లోపలికి వెళ్తే దేవుడి పటం పక్కనే ఎముకల గూడు బొమ్మ వేలాడదీసి ఉంది. పిల్ల నోట్సు తిరగేశాను. సన్న్యాసం ఊసే లేదు. వెన్నుపూసలు ఎన్ని, మోకాలి చిప్ప ఎటు కదులుతుంది, బీపీ ఉన్నవాళ్ల చేత ఏం చేయించకూడదు, ఇదీ వరస. కోర్సు రెండు వందల గంటలు. ‘ఈ రెండొందల లెక్క పతంజలి పెట్టిందా’ అనడిగాను. ‘కాదు నాన్నా, యోగా అలయన్స్ అని అమెరికాలో ఒక సంస్థ ఉంది, వాళ్లు పెట్టింది’ అంది. గంగ ఒడ్డున నేర్చే విద్యకు లెక్క అమెరికాలో! తప్పని అనను. ఎక్కడో ఒకచోట లెక్క ఉండటం మంచిదే, కండక్టరుగా ఆ మాట ఒప్పుకుంటాను. కానీ అన్ని బోర్డుల వెనకా ఒకే సరుకు ఉండదని మా అమ్మాయే చెప్పింది. డబ్బు కట్టే ముందు ఒక క్లాసులో కూర్చుని చూసిందట.

అదే ఊళ్లో శివానంద ఆశ్రమం చూస్తే మనసు వేరేగా పోయింది. స్వామి శివానంద తమిళనాడులో పట్టమడైలో పుట్టి, మలయాలో డాక్టరుగా పనిచేసి, 1924లో రిషికేశ్ చేరారు. డివైన్ లైఫ్ సొసైటీ పెట్టింది 1936లో. దానికి చాలా ముందే లక్ష్మణ్ ఝూలా దగ్గర ధర్మాసుపత్రి నడిపి జబ్బుపడ్డ సాధువులకు, యాత్రికులకు మందులిచ్చారు. యోగా కంటే ముందు మందులన్నమాట. మా ఆవిడకు ఆయన ఈ ఒక్క కారణానికే నచ్చారు.

చౌరాసీ కుటియా కూడా చూశాం. మహర్షి మహేశ్ యోగి ఆశ్రమం అది. 1968 ఫిబ్రవరిలో బీటిల్స్ అనే ఇంగ్లీషు పాటల బృందం వచ్చింది ఇక్కడికే. ఇప్పుడు అడవిశాఖ వాళ్లు టికెట్ పెట్టి చూపిస్తారు, విదేశీయులకు రేటు ఎక్కువ. గుడ్డు ఆకారంలో రాళ్లు పేర్చి కట్టిన ధ్యానం గదులు, పాడుబడ్డ గోడల మీద బొమ్మలు. అమ్మాయి గంటసేపు తిరిగింది. నాకు ఆ పాటలు తెలియవు, కొండముచ్చుల్ని చూస్తూ కూర్చున్నాను.

ఇక వంతెనలు. ఇది మీరు కచ్చితంగా వేయాలి. 1924 వరదల్లో పాత వంతెన కొట్టుకుపోతే, ఇప్పుడున్న లక్ష్మణ్ ఝూలా 1929లో కట్టి మరుసటి ఏడు తెరిచారు. తొంభై ఏళ్లు మోసి అలిసింది. మేం వెళ్లినప్పుడు దాని పక్కన కొత్త వంతెన పని జరుగుతోంది. దిగువన రామ్ ఝూలా 1986 నాటిది. పేరుకు అది కాలినడక వంతెన. మేం దాటినప్పుడు దాని మీద స్కూటర్లు, మోటారు సైకిళ్లు హారన్ కొట్టుకుంటూ మనుషుల్ని ఒరుసుకుపోతున్నాయి, మధ్యలో ఆవు, పైన తీగల మీద కోతి. వంతెన కాళ్ల కింద ఊగుతుంటే మా ఆవిడ నా చొక్కా పట్టుకుని కళ్లు మూసుకుని దాటింది. ఓవర్‌లోడు అంటే ఏమిటో నాకొకరు చెప్పక్కర్లేదు. పుష్కరాల స్పెషల్ బస్సులు చేసినవాణ్ణి. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు 2020లో తెరిచిన జానకీ సేతు మీద దాటండి. బళ్లకు వేరే దారి, మనుషులకు వేరే దారి. ఫొటోల్లో అందంగా పడదు కాబట్టి దాని గురించి ఎవరూ రాయరు.

గంగ హారతికి రెండు చోట్లకు వెళ్లాం. పరమార్థ్ నికేతన్ ఆశ్రమం దగ్గర నది వైపు శివుడి విగ్రహం ఉంటుంది. 2013 జూన్ వరదల్లో టీవీలో పదే పదే చూపించిన దృశ్యం గుర్తుందా? ఇక్కడుండిన పాత విగ్రహమే అప్పుడు ఆ నీళ్లలో మునిగి కొట్టుకుపోయింది. అప్పట్లో మన వాళ్లు కొండల్లో చిక్కుకుపోయి ఇళ్లల్లో జనం టీవీల ముందు అన్నం మానేసి కూర్చున్నారు. ఇప్పుడు అదే నది మెట్ల కింద పిల్లిలా పడుకుని ఉంది. నాకెందుకో పాట చెవికెక్కలేదు. త్రివేణీ ఘాట్‌లో మాత్రం కుదురుగా కూర్చున్నాం. మా ఆవిడ ఆకు దొన్నెలో దీపం వదిలి, ‘మన అరటి దొప్ప అయితే ఇంకా దూరం పోయేది’ అంది.

తిండి గురించి దాచడం ఎందుకు. ఊళ్లో నీచు దొరకదు, మందు లేదు. కోనసీమ వాడికి తొమ్మిది రోజులు చేప లేకుండా గడవడం కూడా ఒక యోగమే. రొట్టెలు, రాజ్మా, ఆలూ పరాఠా బాగానే ఉంటాయి గాని నాలుగో రోజుకి అన్నం మీదికి మనసు పోతుంది. తిరుమల తిరుపతి దేవస్థానం వారి ఆంధ్రాశ్రమం ఉంది, అందులో వెంకన్న గుడి, చంద్రమౌళీశ్వరుడి గుడి. అక్కడ తెలుగు మాట వినపడగానే మా ఆవిడకు ప్రాణం లేచొచ్చింది. బ్యాగులో ఒక సీసా కందిపొడి, ఒక సీసా ఆవకాయ లేకుండా ఎవరూ బయల్దేరకండి.

గది విషయంలో మోసపోయాం. ‘గంగా వ్యూ’ అని ఆన్‌లైన్‌లో చూసి తీసుకుంటే కిటికీ తెరిస్తే ఎదుటి లాడ్జి నీళ్ల ట్యాంకు. గంగ కనపడాలంటే మేడ మీదికెక్కాలి. హీటరుకు రోజుకింత అని విడిగా అడిగారు. అందుకని చలికాలం వెళ్లేవాళ్లు గది ఖాయం చేసేముందు రెండే అడగండి: వేణ్ణీళ్లు ఏ టైముకి వస్తాయి, మనిషికి ఎన్ని రజాయిలు ఇస్తారు. ఆ దూది రజాయి మాత్రం మహా గొప్పది, మీదేసుకుంటే గోనెబస్తా వేసినట్టు బరువు, మళ్లీ తెల్లారేదాకా కదలం. నేల మార్బులు, మంచు గడ్డలా ఉంటుంది. గుళ్లల్లో చెప్పులు విప్పాలి కాబట్టి మేజోళ్లు రెండు జతలు.

శని, ఆదివారాలు ఢిల్లీ కార్లన్నీ ఈ ఊరికే వస్తాయి. తపోవన్ రోడ్డు మీద ఆదివారం ఒక కిలోమీటరు పోవడానికి విక్రమ్‌కు ముప్పావు గంట పట్టింది, దిగి నడిస్తే ముందే చేరేవాళ్లం. జనవరి ఒకటి దగ్గర అసలు వెళ్లకండి. సోమవారం దిగి గురువారం దాకా ఉన్నా చాలు. ఉంటే వారం ఉండండి.

తిరుగు ప్రయాణం గురించి కూడా చెప్పాలి, మీ వ్యాసంలో ఆ ముక్క లేదు. డిసెంబరు, జనవరి నెలల్లో ఆ కింది మైదానాల్లో పొగమంచు పడుతుంది. రిషికేశ్‌లో ఎండ కాస్తుంటే రైలు మాత్రం మంచులో ఎక్కడో ఆగి ఉంటుంది. మా రైలు ఏడు గంటలు లేటు. ఢిల్లీలో అందుకోవాల్సిన బండి వెళ్లిపోయింది. రెండు రైళ్లకు మధ్య కనీసం ఒక రాత్రి ఉండేలా టికెట్ తీసుకోమని రాయండి.

వచ్చే ఆదివారం సవరణ వేసేటప్పుడు లక్ష్మణ్ ఝూలా మూసి ఉందన్న సంగతితో పాటు జానకీ సేతు పేరు కూడా వేయగలరు. చోటుంటే ఒక చక్రవాకం ఫొటో వేయండి. మా తెలుగు మేష్టారు ఇంకా ఉన్నారు, తొంభై దగ్గర పడ్డారు, మీ పేపరే చదువుతారు.

ఇట్లు,
రిటైరైన ఆర్టీసీ కండక్టరు,
రావులపాలెం, కోనసీమ జిల్లా.