పెన్ టూల్ గురించీ పెడన గురించీ

విజయవాడ

నాన్నా,

మొన్న నువ్వడిగింది ఫోన్లో తేలే విషయం కాదని కూర్చుని ఉత్తరమే రాస్తున్నాను. గ్రాఫిక్ డిజైన్ క్లాసులో ఒకడు ఫిగ్మాలో చకచకా పనిచేసేస్తున్నాడు, ఇంకో అమ్మాయి బ్లెండర్‌లో త్రీడీ బొమ్మలు చేస్తోంది, నాకేమో ఆర్ట్‌బోర్డు, అదే ఖాళీ పేజీ, తెరవగానే బుర్ర ఖాళీ అయిపోతోంది అన్నావు. ముందు సాఫ్ట్‌వేర్లు నేర్చుకోవాలా, ముందు ఐడియాలు రావాలా అని టెన్షన్ పడుతున్నావు. అవి రెండు వేరు వేరు పనులని నేననుకోను. ఒక పరికరం పట్టుకుని ఓపిగ్గా గీస్తూ ఉంటే చూపు మారుతుంది. చూపు మారాక ఐడియాల కోసం ఎక్కడెక్కడో దేవులాడక్కర్లేదు.

నేను ఈ పనిలోకి వచ్చినప్పుడు మన ఊళ్లో డీటీపీ, అంటే కంప్యూటర్లో పేజీలు కూర్చే పని, అంతా పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేరు, అను అనే తెలుగు ఫాంట్లే. శుభలేఖలు, పరీక్షల గైడ్లు, పంచాంగాలు, కవితా సంపుటాలు అన్నీ అందులోంచి వచ్చినవే. ఆల్డస్ అనే కంపెనీ 1985లో తెచ్చిన పేజ్‌మేకర్ అది. 1994లో ఆ కంపెనీని అడోబీ కొనేసింది, 1999లో ఇన్‌డిజైన్ వచ్చింది, మేం అలవాటుపడ్డ మెనూలన్నీ మెల్లగా కనుమరుగైపోయాయి. ఫొటోషాప్ 1990లో వచ్చినప్పుడు అందులో లేయర్లే, అంటే ఒకదాని మీద ఒకటి పరిచే పొరలే, లేవు. మూడో వెర్షన్‌తో 1994లో వచ్చాయి. అను ఫాంట్లలో కొట్టిన పాత ఫైలు ఇప్పుడు ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో తెరిస్తే అన్నీ పిచ్చి గుర్తులే. అది అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తుపట్టే యూనికోడ్ కాదు, ఇంగ్లిష్ అక్షరాల చోట్లలో తెలుగు ముక్కలు పెట్టి కూర్చిన పద్ధతి. 2016లో అందరికీ అందుబాటులోకి వచ్చిన ఫిగ్మా కోసం నువ్వు ఇప్పుడు ఇంత కంగారు పడుతున్నావు. నీ ఉద్యోగజీవితంలో అలాంటివి ఇంకెన్ని వస్తాయో, ఎన్ని పోతాయో.

ఇన్ని మారినా పాయింట్లు పెట్టి వంపులు గీసే పెన్ టూల్ మాత్రం పోలేదు. 1987లో వచ్చిన మొదటి ఇలస్ట్రేటర్‌లోనే, అడోబీ వాళ్ల బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్లోనే, అది ఉంది. దాని వెనకున్న లెక్క ఇంకా పాతది. ఫ్రాన్స్‌లో రెనో కార్ల కంపెనీలో పనిచేసిన పియెర్ బెజియే అనే ఇంజినీరు, కారు బాడీ వంపుల్ని కంప్యూటర్‌కి చెప్పడానికి 1960లలో వాడి ప్రచారంలోకి తెచ్చిన వక్రరేఖలవి. ఇవాళ నువ్వు కోరెల్ తెరిచినా, ఫిగ్మా తెరిచినా, ఇంక్‌స్కేప్ తెరిచినా అదే వంపు, దాన్ని లాగి సరిచేసే అవే హ్యాండిల్స్. అందుకే ముందు దాన్ని లొంగదీసుకో అంటాను.

ఎలాగంటే, కాగితం మీద స్కెచ్ పెన్నుతో ఒక పెద్ద సున్నా రాయి. పక్కన ‘ర’ రాయి. ఫోన్‌తో ఫొటో తీసి కింది లేయర్లో పెట్టి, కొంచెం వెలవెలబోయేలా చేసి లాక్ చేసెయ్. ఇప్పుడు పై లేయర్లో పెన్ టూల్‌తో ఆ సున్నా చుట్టూ గీయి. వంపు పైకి ఎక్కడ ఆగిందో అక్కడొక పాయింటు, కింద ఒకటి, ఎడమ ఒకటి, కుడి ఒకటి. షిఫ్ట్ పట్టుకుని హ్యాండిల్స్‌ని నిలువుగానో అడ్డంగానో మాత్రమే లాగు. గుండ్రానికి నాలుగు పాయింట్లు చాలు. కొత్తవాళ్లంతా పది పన్నెండు పెడతారు, అందుకే గీత ఎగుడుదిగుడుగా వస్తుంది. లోపలి అంచుకి మళ్లీ నాలుగు. ఆ తర్వాత ‘ర’ మీద పడు. తలకట్టు ఏ కోణంలో లేచింది, గీత ఎక్కడ లావెక్కింది, ఎక్కడ సన్నబడి గుండ్రంలో కలిసింది అన్నది అప్పుడు తెలుస్తుంది. చిన్నప్పటి నుంచి రాస్తున్న అక్షరమే, అయినా దాన్ని మొదటిసారి చూస్తున్నట్టుంటుంది. లోపల చుక్క పెడితే ‘ఠ’. ఆ చుక్క సరిగ్గా మధ్యలో పెడితే కంటికి కిందికి జారినట్టు ఉంటుంది, కాస్త పైకి జరపాలి. ఎంత జరపాలో స్కేలు చెప్పదు, నీ కన్నే చెప్పాలి.

ఇది అలవాటయ్యాక ఏలూరు రోడ్డులో నడిచి చూడు. పెయింటర్ రాసిన పాత బోర్డు ఎక్కడైనా మిగిలి ఉంటే దాని ముందు ఆగకుండా ఉండలేవు. ‘శ్రీ’లో రావత్తుని ఒక్క ఊపులో ఎంత దూరం తిప్పాడో చూస్తావు. బాపుగారి చేతిరాత కుదురు ఎక్కడుందో పట్టుకోగలుగుతావు. ఆయన అక్షరాలు ఫాంటుగా వచ్చాయి కాబట్టి ఎడాపెడా వాడేస్తున్నాం గానీ, కుంచెతో వేసిన అసలు అక్షరాలు చూస్తే ఏ రెండూ ఒకేలా ఉండవు. వడ్డాది పాపయ్యగారి బొమ్మల్లో చీర అంచులు చూడు. రాజమండ్రి వెళ్తే దామెర్ల రామారావుగారి ఆర్ట్ గ్యాలరీకి తప్పకుండా వెళ్లు. ఆయన 1925లో పోయేనాటికి ముప్ఫై ఏళ్లు కూడా లేవు.

నువ్వు పింటరెస్ట్ బోర్డులు పంపుతుంటావు. బాగానే ఉంటాయి, కాదనను. కానీ అవి ఎవరో వేరే క్లయింటు కోసం తేల్చుకున్న జవాబులు. ఒకటి నొక్కితే అలాంటివే మరో వంద చూపిస్తుంది, మీ క్లాసులో అందరికీ అవే చూపిస్తుంది. ఏఐ బొమ్మల సంగతీ అంతే: నీకేం కావాలో నీకు ముందే తెలిస్తే పనికొస్తుంది, తెలియనప్పుడు మాత్రం అది ఇచ్చిందే బాగుందని సర్దుకుపోతావు.

వాటి బదులు మచిలీపట్నం దగ్గరి పెడన చూడాలి నువ్వు. అక్కడి కలంకారీలో రంగుకో చెక్క అచ్చు. గుడ్డని ముందు కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. తుప్పు పట్టిన ఇనుముని బెల్లం నీళ్లలో నానబెట్టి తీసిన ద్రావణంతో అచ్చు కొడితే, గుడ్డలోని కరక్కాయ తగిలిన చోట నలుపు తేలుతుంది. ఎరుపు కావలసిన చోట పటికతో అచ్చు కొడతారు. కొట్టేటప్పుడు అక్కడ ఎరుపేమీ ఉండదు. ఉతికి, రంగు నీళ్లలో ఉడికించాకే పటిక ఉన్నంత మేర ఎరుపు పట్టుకుంటుంది. అంటే అచ్చు కొట్టే మనిషి రాబోయే రంగుని మనసులో పెట్టుకుని పనిచేస్తున్నాడన్నమాట. రెండో అచ్చు మొదటిదాని పక్కన వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చోవాలి. మన ఆఫ్‌సెట్ ప్రెస్సులో నాలుగు రంగుల ప్లేట్లు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కలవడం గురించి పడే తంటా కూడా ఇదే. కలర్ పికర్లో లక్షల రంగులు కనబడి ఏది తీసుకోవాలో తోచనప్పుడు, నలుపు, ఎరుపు, గుడ్డ రంగు మాత్రమే పెట్టుకుని ఒక పోస్టర్ చేసి చూడు.

గ్రిడ్, అంటే బొమ్మని అమర్చడానికి ముందే వేసుకునే చుక్కల, గళ్ల లెక్క, అర్థం కావట్లేదన్నావుగా, మీ అమ్మమ్మని అడుగు. ‘15 చుక్కలు, 8 వరకు సందు చుక్క’ అని ఆవిడ ముగ్గుల పుస్తకంలో రాసుకున్నది ఆరు భుజాల గ్రిడ్డే. మధ్య వరుసలో 15, రెండు వైపులా ఒక్కొక్కటి తగ్గుతూ 8 దాకా. దాని మీద ఎన్ని వందల డిజైన్లు వేసిందో.

ఒక్కటి మాత్రం మీ టీచర్లు చెప్పకపోయినా పట్టించుకో. తెలుగు పేరా పెట్టేటప్పుడు ఇంగ్లిష్‌కి పెట్టిన లైన్ స్పేసింగే వదిలెయ్యకు. పై లైన్లో వత్తు, కింది లైన్లో గుడి ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. ‘స్త్రీ’ లాంటి మాట రెండు లైన్లలో పైనా కిందా పడితే ఎలా ఉంటుందో పెట్టి చూసి, దాన్ని బట్టి లైన్ల మధ్య ఎడం తేల్చుకో. ఇన్‌డిజైన్‌లో వత్తులు విడిపోయి పక్కకొస్తే అక్షరాలు కూర్చే కంపోజర్ సెట్టింగుని వరల్డ్ రెడీకి మార్చు. హైవే మీద హోర్డింగుల్లో వత్తులు ఊడిపోయి కనిపిస్తే నాకు నిజంగా బాధేస్తుంది. చదివేవాళ్లు సర్దుకుని చదువుకుంటారులే అనుకోవడం మన భాషకి మనం చేసే అన్యాయం.

డబ్బు సంగతి. అడోబీ 2013 నుంచి నెలనెలా కట్టే పద్ధతికి మారింది కాబట్టి, కాలేజీ ల్యాబ్‌లో ఉన్నంతసేపు అది వాడుకో. హాస్టల్లో ఇంక్‌స్కేప్ వేసుకో, ఉచితం, తెలుగు చక్కగా చూపిస్తుంది. గీతలు సాధన చెయ్యడానికి అంతకన్నా అక్కర్లేదు. పెన్ ట్యాబ్లెట్ వచ్చే సెమిస్టర్‌కి కొంటాను, మాటిస్తున్నాను.

దసరా సెలవులకి రా. మచిలీపట్నం రైలెక్కితే గుడివాడ మీదుగా పెడనలోనే దిగొచ్చు, ఇద్దరం వెళ్దాం. ఈలోగా ఆ ‘ర’, ‘ఠ’ గీసి పంపు. జేపీజీ వద్దు, అసలు ఫైలే పంపు. ఎన్ని పాయింట్లు పెట్టావో చూడాలి. రాత్రి రెండింటిదాకా మేలుకోకు, వేళకి తిను.

ప్రేమతో,
అమ్మ