నోటీసు స్పష్టంగానే ఉందా?

సంపాదకులకు నమస్కారం.

మా పట్టణంలో మురుగుకాలువ వెడల్పు చేసే నోటీసు గురించి మీ జిల్లా పేజీలో వార్త వచ్చి పది రోజులైంది. గడువు దాటిందని మునిసిపల్ ఆఫీసువారు అభ్యంతరాలు తీసుకోకపోవడం, కాలువ గట్టున ఉన్నవారు కాగితాలు చేతపట్టుకుని వెనుదిరిగి రావడం అందరికీ తెలిసిన సంగతులే కనుక మళ్లీ చెప్పను. నన్ను ఇన్నాళ్లుగా బాధిస్తున్నది ఆ వార్త చివర ఒక అధికారి ఇచ్చిన వివరణ. నోటీసు స్పష్టమైన ఇంగ్లిషులోనే ఉందనీ, ఎవరిచేతనైనా చదివించుకోకపోవడం ప్రజల తప్పనీ ఆయన అన్నారు. నేను ముప్పై ఒక్క సంవత్సరాలు ఉన్నత పాఠశాలల్లో ఇంగ్లిషు వ్యాకరణం చెప్పినవాణ్ణి. ఆ నోటీసును నాలుగుసార్లు చదివాను. అది స్పష్టంగా లేదు.

అందులో అసలు వాక్యం ఇది: 'ఓనర్స్ అండ్ టెనెంట్స్ హోల్డింగ్ రిసీట్స్ మే ఫైల్ అబ్జెక్షన్స్ వితిన్ సెవెన్ డేస్, ఫెయిలింగ్ విచ్ దే షల్ బి రిమూవ్డ్.' యజమానులు, అద్దెదారులు రసీదులుంటే ఏడు రోజుల్లో అభ్యంతరం చెప్పవచ్చు, చెప్పకపోతే తొలగింపు జరుగుతుంది అని దాని సారాంశం. రసీదులు ఉండవలసినది అద్దెకున్నవారికి మాత్రమేనా, ఇంటి యజమానులకు కూడానా? ఇంగ్లిషు వ్యాకరణం ప్రకారం రెండు అర్థాలూ చెల్లుతాయి. మా వీధి చివర ఒక పెద్దావిడ ఉంది. ఇల్లు ఆమె అత్తగారి నాటిది, పన్ను రసీదులు వరదలో పోయాయి. కాలేజీలో చదువుతున్న మనవడు నోటీసు చదివి, రసీదు లేనివాళ్లకు అవకాశం లేదట నాయనమ్మా అని చెబితే ఆమె ఆఫీసు గడప తొక్కలేదు. ఆ కుర్రవాడు తప్పు చదవలేదు. ఉన్న రెండు అర్థాల్లో ఒకటి చదివాడు.

ఇక 'దే' అన్న మాట చూడండి. ఏడు రోజుల్లో అర్జీ పెట్టకపోతే తొలగించేది ఎవరిని, లేక వేటిని? మనుషులనా, కట్టడాలనా, అభ్యంతరాలనా? తెలుగులో 'వారు' అన్నా 'అవి' అన్నా ఆ తేడా చదివేవాడికి వెంటనే తెలిసిపోతుంది. ఇంగ్లిషులో ప్రాణం ఉన్నదానికీ లేనిదానికీ బహువచనంలో ఒకటే సర్వనామం కనుక, రాసేవాడు జాగ్రత్తపడి నామవాచకాన్ని మళ్లీ రాయాలి. నా దగ్గర ఎనిమిదో తరగతి పిల్లవాడు ఇలా రాసి ఉంటే ఎర్ర సిరాతో గీత గీసి, ఎవరిని ఉద్దేశించావో చెప్పమని అడిగేవాణ్ణి.

ఏడు రోజులు ఏనాటి నుంచి లెక్క? నోటీసు మీద ఒక తేదీ ఉంది, అది గోడకెక్కింది మూడు రోజుల తరువాత. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం తొమ్మిదో సెక్షను, కేంద్ర చట్టాల్లో 'ఫ్రమ్' అన్న మాట వాడితే మొదటి రోజును లెక్కలోంచి తీసివేయాలని చెబుతుంది. అంటే ఇంగ్లిషులో 'నుంచి' అనే చిన్నమాటకు అర్థం చెప్పడానికి ఒక చట్టమే కావలసి వచ్చింది. అటువంటి భాషలో గడువు పెట్టేవారు కనీసం ఆఖరు తేదీని అంకెల్లో వేయవద్దా?

ఇవి పంతులుగారి చాదస్తాలని ఎవరైనా అనుకుంటారేమోనని రెండు ఉదాహరణలు చెబుతాను. అమెరికాలోని మెయిన్ అనే రాష్ట్రంలో ఓక్‌హర్స్ట్ డెయిరీ అనే పాల కంపెనీ వాహన చోదకులు ఓవర్‌టైం వేతనం కోసం దావా వేశారు. ఏయే పనులకు ఓవర్‌టైం వర్తించదో చెప్పే చట్టంలోని జాబితా చివర, 'ప్యాకింగ్ ఫర్ షిప్‌మెంట్ ఆర్ డిస్ట్రిబ్యూషన్' అన్నచోట, 'షిప్‌మెంట్' తరువాత కామా లేదు. పంపిణీ అనేది విడిగా ఒక పనా, లేక పంపిణీ కోసం ప్యాక్ చేయడమే ఆ పనా అన్నది తేలలేదు. చోదకులు సరుకు పంపిణీ చేస్తారు గానీ ప్యాక్ చేయరు. 2017లో అప్పీలు కోర్టు ఆ వాక్యం అస్పష్టంగానే ఉందని చెప్పి చోదకుల వాదనను అంగీకరించింది, మరుసటి ఏడాది కంపెనీ 50 లక్షల డాలర్లకు రాజీపడింది. అది ఇంగ్లిషు మాతృభాషగా ఉన్న దేశం, అక్కడి శాసనసభ రాసిన చట్టం.

మన దేశంలోనూ ఇటువంటిది జరిగింది. మందుల చట్టం ఇరవై ఏడో సెక్షనులో అప్పట్లో 'స్టాక్స్ ఆర్ ఎగ్జిబిట్స్ ఫర్ సేల్' అనే మాటలుండేవి. 'స్టాక్స్' (నిల్వ ఉంచడం) తరువాత కామా లేదు కాబట్టి 'అమ్మకానికి' అన్న మాట నిల్వకు కూడా వర్తిస్తుందనీ, ఊరికే దగ్గర ఉంచుకోవడం ఆ సెక్షను కింద నేరం కాదనీ సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు 1979 నాటి లా రిపోర్టుల్లో ఉంది. ఒక మనిషి చేసినది ఆ సెక్షను కింద నేరమా, కాదా అన్నది ఆ కామా మీద ఆధారపడింది. మా పిల్లలకు నేను కచ్చితంగా చేసి తీరాలనే అర్థమని నేర్పిన 'షల్' సంగతి కూడా అంతే. రాజ్యాంగం 320వ అధికరణంలో పబ్లిక్ సర్వీస్ కమిషన్‌ను సంప్రదించడం గురించి వాడిన 'షల్' తప్పనిసరి కాదని 1957లో సుప్రీంకోర్టే తేల్చింది. 'షల్' అంటే చేయాలో, చేయకపోయినా ఫరవాలేదో న్యాయమూర్తులు కూర్చుని తేల్చవలసి వస్తే, కాలువ గట్టున కూరగాయలమ్ముకునే మనిషి ఎలా తేల్చుకుంటాడు?

తెలుగులో అస్పష్టత ఉండదని నేను అనడం లేదు. 'రసీదులున్న యజమానులు, అద్దెదారులు' అని రాస్తే ఇక్కడా అదే అనుమానం వస్తుంది. కానీ తెలుగు నోటీసు చదివి అనుమానం వచ్చినవాడు నిలబడి అడుగుతాడు. ఇంగ్లిషు నోటీసు అర్థం కానివాడు లోపం తన చదువులో ఉందనుకుని సిగ్గుపడి ఊరుకుంటాడు. రాసినవాడి తప్పు చదివినవాడి నెత్తిన పడుతుంది. ఆ అధికారి వివరణ నాకు అంత కష్టం కలిగించడానికి కారణం ఇదే.

ఇది ఒక్క నోటీసుతో మొదలైనది కూడా కాదు. మూడేళ్ల కిందట మా కాలనీలో నీటి గొట్టాలు మార్చినప్పుడు ఆఫీసు నుంచి వచ్చిన ఉత్తరంలో 'వి షల్ హావ్ టు బేర్ ద కాస్ట్' అని ఉంది. మేము భరిస్తామని ఆఫీసువారు రాశారనుకుని అందరం సంతోషించాం. తీరా చూస్తే ఇంటింటికీ బిల్లు వచ్చింది, వారి ఉద్దేశం మనమందరం అని. 'మేము', 'మనం' అని రెండు వేరు మాటలున్న భాషను పక్కన పెట్టి, రెండింటికీ కలిపి 'వి' అనే ఒక్కమాట ఉన్న భాషలో డబ్బు వ్యవహారం ఎందుకు రాయాలి?

1966లోనే తెలుగును అధికార భాషగా చేస్తూ చట్టం వచ్చింది. ఇన్ని దశాబ్దాలైనా మన ఊరి కాలువ సంగతి మన భాషలో చెప్పడానికి ఆఫీసులకు చేతులు రావడం లేదు. ఎక్కడైనా తెలుగు ప్రతి ఇచ్చినా, తేడా వస్తే ఇంగ్లిషు ప్రతే చెల్లుతుందని కింద ఒక వాక్యం చేరుస్తారు. శాసనసభ తెలుగులో చట్టం చేసినా గెజిట్‌లో వచ్చే ఇంగ్లిషు అనువాదమే ప్రామాణికమని రాజ్యాంగం 348వ అధికరణం చెబుతుంది, అది మార్చడం మన మునిసిపాలిటీ చేతిలో లేదు. కానీ కాలువ నోటీసు చట్టం కాదు. దాన్ని తెలుగులో రాయవద్దని ఏ అధికరణమూ చెప్పలేదు. పూర్వం మా తాలూకా కచేరీలో గుమాస్తాలు తెలుగులో ముసాయిదా రాసి, ఊరివాడొకడికి చదివి వినిపించి, అర్థమైందా అని అడిగి మరీ పైకి పంపేవారు. ఇప్పుడు పాత ఫైలులోని ఇంగ్లిషు నోటీసులో పేర్లు, తేదీలు మార్చి గోడకు అంటిస్తున్నారు.

ఇంగ్లిషు మీద నాకు ద్వేషం లేదు. జీవితమంతా అదే నాకు అన్నం పెట్టింది. దాని లొసుగులు తెలిసినవాడిగా అడుగుతున్నాను. ఈ నోటీసును ఉపసంహరించి, యజమానులకు ఒక వాక్యం, అద్దెకున్నవారికి ఇంకో వాక్యం, ఆఖరు తేదీ అంకెల్లో, తొలగించబోయేది ఏమిటో పేరుపెట్టి తెలుగులో మళ్లీ ఇవ్వాలి. వెనక్కి పంపిన అర్జీలన్నీ తీసుకోవాలి. ముసాయిదా రాసే తీరిక ఆఫీసులో ఎవరికీ లేకపోతే నేను వచ్చి ఉచితంగా రాసి ఇస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఆంగ్లోపాధ్యాయుడు